రాక కాఫీ, మాటల కాఫీ

గురువారం పొద్దున జుమ్రేత తన దిండు తనే చంకన పెట్టుకుని మెట్లు దిగి వంటింట్లోకి వచ్చింది. వెనకాలే ఆమె అన్నకొడుకు ఫాదిల్ పరుపు చుట్ట భుజాన వేసుకుని దిగాడు. కిటికీ కింద గోడవార ఉన్న దివాను మీద దాన్ని పరిచి, అరచేత్తో రెండుసార్లు తట్టాడు.

"చూశావా, పైకంటే ఇక్కడే వెచ్చగా ఉంటుంది. పొయ్యి పక్కనే" అన్నాడు.

"జూన్ నెలలో నాకు వెచ్చదనం ఎందుకురా?"

"నాలుగు రోజులే కదత్తా."

"నాలుగు రోజులకి అల్మారా కూడా ఖాళీ చెయ్యాలా?"

దీనికి జవాబు పైనుంచి వచ్చింది. ఫాదిల్ భార్య జెనానా మందుల షాపులో పనిచేస్తుంది. ఏ వస్తువు ఏ అరలో ఉండాలో ఆ పిల్లకి తెలిసినంతగా వాళ్ళుండే వ్రాత్నిక్ కొండ మీద ఇంకెవరికీ తెలియదు. "వచ్చినావిడ బట్టలు నెత్తిన పెట్టుకు తిరుగుతుందా అత్తయ్యా? మీవన్నీ అట్టపెట్టెలో సర్దేశాను. పైన మీ పేరు కూడా రాశాను, పోకుండా."

జుమ్రేత తన దిండు పరుపు మీద పెట్టింది. నోట్లో నాలుక లేని మనిషేం కాదు ఆమె. ముప్ఫై ఏళ్ళు తివాచీల మగ్గాల దగ్గర పనిచేసింది. ఆ చప్పుడులో పక్కమనిషికి వినబడాలంటే గొంతు చించుకోవాల్సిందే. కానీ ఫాదిల్ దంపతులు వచ్చి ఉంటున్న ఈ రెండేళ్ళలో ఆమె నోటిదాకా వచ్చిన మాట మింగేయడం నేర్చుకుంది. వాళ్ళు రాకముందు ఆ ఇంట్లో గడియారం టిక్కుటిక్కుమనడం తప్ప మరో అలికిడి ఉండేది కాదు. మళ్ళీ ఆ గడియారంతో కాపురం చేయడమంటే ఆమెకి భయం.

ఇదంతా జెనానా ఆలోచన. తమ ఊరు సరాయెవో చూడటానికి వచ్చేవాళ్ళు హోటళ్ళలో కాకుండా ఊళ్ళోవాళ్ళ ఇంట్లో ఉండాలనుకుంటున్నారట. ఇంటి తిండి తిని, ఇంటివాళ్ళతో కలిసి ఊరు చూడాలనుకుంటున్నారట. జెనానా పై గది ఫోటోలు తీసి ఫోన్లో పెట్టింది. కిటికీలోంచి మసీదు స్తంభాలు, ఎర్ర పెంకుల కప్పులు, అడుగున సన్నగా మిల్యాత్స్కా నది అన్నీ ఆ ఫోటోలో పడ్డాయి. మూడోరోజుకే స్లొవేనియా నుంచి ఒక టీచరమ్మ వస్తానని రాసింది. ఆవిడ వెళ్తూ నాలుగు మంచిమాటలు రాస్తే ఇక ఎండాకాలమంతా జనమేనని జెనానా లెక్క.

"మరి ఊరు చూపించేదెవరు?" అనడిగాడు ఫాదిల్. అతను ట్రామ్ నడుపుతాడు. వారంలో ఆరురోజులు ఊరు అతనికి అద్దంలోంచే కనబడుతుంది.

"అత్తయ్య ఉన్నారుగా. ఆవిడకి వేరే పనేముంది?" అంది జెనానా.

*

టీచరమ్మ పేరు అలెంకా. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, వీపున సంచి. కొండ ఎక్కి వచ్చిన ఆయాసంతో గేటు దగ్గర కాసేపు నిలబడిపోయింది. చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న ఇక్కడి భాష ఇంకా మర్చిపోలేదు. మాటకీ మాటకీ మధ్య ఆగుతుంది, అంతే.

రాత్రి భోజనానికి జుమ్రేత పాలకూర పిత చేసింది. పిండిని బల్ల మీద గుడ్డంత పల్చగా లాగి, కూర చల్లి, చుట్టి, తట్టలో చుట్టలు చుట్టలుగా పేర్చి కాల్చింది. ఆ తట్ట బల్లమీద పెట్టి ముక్కలు కోస్తుంటే ఫాదిల్ అందరినీ పరిచయం చేశాడు.

"ఈమె నా భార్య జెనానా. ఈవిడ మా అత్త. మాతోనే ఉంటుంది."

జుమ్రేత చేతిలో కత్తి ఆగిపోయింది.

మాతోనే ఉంటుంది. ఆ ఇంటి గేటు మీద ఇప్పటికీ ఆమె తండ్రి పేరే ఉంది. కరెంటు బిల్లు ఆమె పేరనే వస్తుంది. ఊళ్ళో ఫ్లాట్ అద్దె కట్టలేక, ఇద్దరూ రెండు సూట్‌కేసులతో ఈ గుమ్మం ఎక్కినరోజు తలుపు తీసింది ఆమే. వాడు కావాలని అనలేదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. వాడికి నిజంగానే అలా అనిపిస్తోంది. కావాలని అనుంటే ఇంత బాధ ఉండేది కాదు.

"చాలా బావుంది" అంది అలెంకా మొదటి ముక్క తిని.

"మా అత్త చెయ్యి అలాంటిది" అన్నాడు ఫాదిల్ మురిసిపోతూ. జుమ్రేత రెండో ముక్క కోసి ఆవిడ పళ్ళెంలో వేసింది.

*

శుక్రవారం ఇద్దరూ కొండ దిగారు. నున్నబడిన రాళ్ళబాట మీద అలెంకా గోడ పట్టుకుని దిగుతుంటే, మోకాళ్ళ నొప్పులున్న జుమ్రేత చేతులు వెనక్కి కట్టుకుని ముందు నడిచింది. ఊరు చూపించడమంటే ఎలాగో ఆమెకి తెలియదు. అందుకని తను రోజూ పోయే దారిలోనే తీసుకుపోయింది. రొట్టెల కొట్టు, చెప్పులు కుట్టే హమీద్ కొట్టు, ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్న హమీద్ అన్న కొట్టు. ఒకచోట గోడ నిండా యుద్ధం నాటి తూటాల గుంటలున్నాయి. అలెంకా ఆగి చూసింది, అడగలేదు. జుమ్రేత కూడా చెప్పలేదు.

రాగిపాత్రల వీధిలో సుత్తుల చప్పుడు మధ్య జుమ్రేతకి హుషారొచ్చింది. ఆ చప్పుడుకి ఆమె గొంతు తనంతట తనే లేచింది. ఒక కొట్లో పొడుగు పిడి ఉన్న కాఫీ గిన్నె తీసి, వేలితో అడుగు తట్టి, "ఇది షోకుకి. పొయ్యి మీద పెడితే రెండోరోజుకి చిల్లు" అంది కొట్టువాడి మొహం మీదే.

"నువ్వొస్తే నా బేరాలన్నీ చెడతాయి జుమ్రేతా" అన్నాడు కొట్టువాడు సుత్తి ఆపకుండానే.

"మంచిది చెయ్యి, చెడగొట్టను."

అలెంకా నవ్వింది. ఆ నవ్వు జుమ్రేతకి నచ్చింది. తన మాటకి ఎవరైనా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తులేదు.

పాత సత్రం ముంగిట్లో కూర్చుని కాఫీ తెప్పించుకున్నారు. రాగిపళ్ళెంలో గిన్నె, పిడిలేని చిట్టి కప్పులు, పక్కన చక్కెర ముక్కలు వచ్చాయి. అలెంకా చక్కెర ముక్క తీసి కప్పులో వెయ్యబోతే జుమ్రేత ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అందులో కాదమ్మా. మూల ముంచి, కాస్త కొరికి, అప్పుడు గుక్క వెయ్యండి. ఆఁ, అలా."

రెండోసారి పోస్తూ చెప్పింది. "మా అమ్మ ఇంటికొచ్చినవాళ్ళకి మూడు కాఫీలు పోసేది. మొదటిది రాక కాఫీ. వచ్చావు, సంతోషం, కూర్చో అని. రెండోది మాటల కాఫీ. దానికి పొద్దూ లేదు మాపూ లేదు, ఎంతసేపైనా చప్పరించొచ్చు. మూడోది పోక కాఫీ."

"అంటే?"

"అంటే, ఇక లేవండి అని. దాని అసలు పేరు సిక్తెరూషా. అది కాస్త మోటుమాటే, మీరు టీచరు, అర్థం అడక్కండి. నోటితో పొమ్మంటే మర్యాద కాదుగా. అందుకని కాఫీ చెబుతుంది. అది తాగినవాడు ఇక కూర్చోకూడదు."

"అది మూడోదని వాళ్ళకెలా తెలుస్తుంది?"

"ఒకటి, రెండు లెక్కపెట్టుకోవాలి. మా ఇంట్లో ఇంకో గుర్తు ఉండేది. మూడోదానితో అమ్మ చక్కెర ముక్కలు పెట్టేది కాదు. చక్కెర గిన్నె కోసం చెయ్యి చాచి, అది లేదని తెలిసి, చెయ్యి వెనక్కి తీసుకుని, టోపీ వెతుక్కునేవాళ్ళు. ఫాదిల్ చిన్నప్పుడు సెలవలకి వస్తే ఆ కప్పులు వాడే మోసుకెళ్ళేవాడు. తలుపు చాటున నిలబడి వాళ్ళ చేతులెలా తడుముకుంటాయో చూసి పొట్ట పట్టుకుని నవ్వేవాడు వెధవ."

అలెంకా తన కప్పు వైపు చూసుకుంది. "ఇది రెండోదే కదా?"

"రెండోదే. నింపాదిగా తాగండి."

నింపాదిగానే తాగారు. అలెంకా భూగోళం చెబుతుందట. ఏ దేశంలో ఏ నది ఉందో పాతికేళ్ళుగా చెబుతూ, తను మాత్రం తల్లి మంచం పక్కనే ఉండిపోయిందట. వేసవికి ముందు తల్లి పోయింది. "ఇప్పుడు ఇంట్లో నాతో మాట్లాడేది రేడియో ఒక్కటే" అంది.

"నాకు గడియారం ఉండేది" అంది జుమ్రేత. ఆ మాట ఎందుకంటోందో తనకే తెలియలేదు.

*

శనివారం పొద్దున జుమ్రేత దివాను మీద పక్క చుట్టేస్తుండగా వంటింటి తలుపు తెరుచుకుంది. అలెంకా, చేతిలో ఖాళీ మంచినీళ్ళ సీసా. ఆవిడ చూపు చుట్టిన పరుపు మీద పడింది, కింద అట్టపెట్టె మీద రాసిన పేరు మీద పడింది. జుమ్రేత గబుక్కున జుట్టుకి గుడ్డ కట్టుకుని, "నాకు నడుం నొప్పి, మెట్లు ఎక్కలేను" అంది. అంతకుముందురోజు కోటగుమ్మం దాకా ఆ కొండ రెండుసార్లు ఎక్కి దిగిన మనిషి ఆ మాట అంటే ఎవరు నమ్ముతారు? అలెంకా సీసా నింపుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు నది ఒడ్డుకి వెళ్ళారు. ఊరి పాత సభాభవనానికి ఎదురుగా, నదికి అవతల, ఒక రెండంతస్తుల ఇల్లు ఉంది. దాన్ని పంతం ఇల్లంటారు. ఈ భవనం కట్టడానికి స్థలం కావాల్సి వచ్చినప్పుడు ఇంటి ముసలాయన ఎంతకీ ఇవ్వనన్నాడని, చివరికి తన ఇల్లు ఇటుకకి ఇటుక విప్పి నదికి అవతల అలాగే కట్టిస్తేనే వదిలాడని చెప్పుకుంటారు. జుమ్రేత ఆ కథ చేతులు తిప్పుతూ చెప్పింది. రోజూ వంతెన మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూ ఒక్కో ఇటుకా లెక్కపెట్టుకున్నాడట ముసలాయన.

"గెలిచాడన్నమాట" అంది అలెంకా.

"గెలవకేం."

"ఆ తర్వాత ఆ ఇంట్లో ఆయనతో ఎవరైనా ఉన్నారా?"

జుమ్రేత ఆ ఇంటి కిటికీల వైపు చూసింది. చిన్నప్పటి నుంచి వెయ్యిసార్లు విన్న కథ, వందసార్లు చెప్పిన కథ. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"కథలో అది లేదు" అంది.

సాయంత్రం కొండ అంచున ఉన్న పసుపుకోట గోడ మీద కూర్చున్నారు. ఊరంతా కింద ఉంది. అలెంకా వేలు చాచి, "ఆ మూలనున్న కిటికీయేనా మనది?" అని, కాసేపాగి, "అది మీ గదే కదూ?" అంది.

"కాదు."

"అల్మారా అడుగున తలపిన్నులు దొరికాయి. గోడకున్న తివాచీ వెనక మీ పేరు నేసి ఉంది."

జుమ్రేత తలగుడ్డ ముడి విప్పి మళ్ళీ కట్టుకుంది. తివాచీ వెనక ఎవరు చూస్తారని నేసింది ఆ పేరు? మగ్గం మీద ఎవరి పేరూ నెయ్యకూడదు, మేస్త్రీ ఊరుకోడు. తనకోసం నేసుకున్న ఒక్క ముక్కలో దొంగతనంగా పెట్టుకుంది. ఫాదిల్ రెండేళ్ళుగా ఆ గోడ చూస్తున్నాడు, వాడికి తెలియదు.

"మా అన్నయ్య తన వాటా తీసుకుని కింద ఊళ్ళో ఫ్లాట్ కొనుక్కున్నాడు. ఇల్లు నాకు మిగిలింది. నేను ఇంటికి మిగిలాను" అంది చివరికి. "వీళ్ళు వచ్చాక మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. స్నానాల గదికి వంతులు. ఉప్పు ఎక్కువైందని సణుగుడు. అదంతా ఉండాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి కదమ్మా. నాలుగు రోజులు దివాను మీద పడుకుంటే నా సొమ్మేం పోయింది?"

"నాలుగు రోజులేనా?"

"మరి?"

కిందనుంచి ప్రార్థన పిలుపు ఒక మసీదు తర్వాత ఒక మసీదులో మొదలైంది. అది పూర్తయ్యేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

*

ఆదివారం అలెంకా బస్సు మధ్యాహ్నం ఒంటిగంటకి. ఫాదిల్‌కి సెలవు. నలుగురూ వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు. జుమ్రేత రొట్టె, మీగడ, గుడ్లు పెట్టి మొదటి కాఫీ పోసింది. ప్రయాణం రోజున పోసినా, కొత్తగా బల్ల దగ్గర కూర్చున్నారు గనక అది రాక కాఫీయే.

రెండో కాఫీకి ఫాదిల్ ఫోన్ తీశాడు. "రాత్రి మీరు రాసింది చదివాం అలెంకా గారూ. వినత్తా, నీ గురించే." గొంతు సవరించుకుని చదివాడు. "ఊరు చాలామంది చూపిస్తారు. జుమ్రేత గారు మాత్రం తన ఊరు చూపించారు. ఇలాంటి మనిషితో రెండురోజులు నడిచినందుకు నాకు గర్వంగా ఉంది."

జుమ్రేతకి చెవులు వేడెక్కాయి. చక్కెర గిన్నె అటునుంచి ఇటు జరిపింది.

"ఇది పడ్డ గంటకే రెండు కుటుంబాలు రాశాయి" అంది జెనానా, ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. "బుధవారం నుంచి జర్మనీ వాళ్ళు, పదిరోజులు. వాళ్ళయ్యాక ఇంకొకళ్ళు. జులై మొత్తం నిండిపోయేట్టుంది. అందరూ అడిగేది ఒకటే, ఆ అత్తగారు మాకూ చూపిస్తారా అని."

"అత్త లేకపోతే అసలు ఎవరొస్తారు?" అన్నాడు ఫాదిల్.

"అయితే మంగళవారం దాకా నా గది నాకు..." అంది జుమ్రేత.

"అదే చెబుతున్నా అత్తయ్యా. మళ్ళీ పైకీ కిందకీ మొయ్యడం ఎందుకు? దివాను మీద మీకు అలవాటైపోయింది కదా. ఆ పెట్టె అటక మీద పెట్టేస్తే ఇక్కడ కాస్త చోటొస్తుంది. తివాచీ మాత్రం అక్కడే ఉండనిద్దాం, ఫోటోల్లో బావుంది."

"ఎన్నాళ్ళు?"

జెనానా భర్త వైపు చూసింది. ఫాదిల్ నీళ్ళు నమిలాడు. "అక్టోబర్ దాకా అనుకో. ఆ తర్వాత చూద్దాం. చలికాలంలో ఎలాగూ నీకు ఇక్కడే వెచ్చగా ఉంటుంది."

ఆ మాటకి అలెంకా తలదించుకుంది. ఆవిడ రాసిన నాలుగు మంచిమాటలే జుమ్రేత గదికి తాళం వేశాయి. ఆ సంగతి బల్ల దగ్గర ఇద్దరికే అర్థమైంది.

జుమ్రేత లేచింది. రాగిగిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. ఇత్తడి మరలో గింజలు పోసి, మర మోకాళ్ళ మధ్య బిగించి తిప్పింది. వెనకాల ఫాదిల్, జెనానా జర్మనీ వాళ్ళకి ఏం వండాలో మాట్లాడుకుంటున్నారు. పొడి గుప్పెట్లో పట్టేంత అయ్యేదాకా ఆమె తిప్పుతూనే ఉంది. చెయ్యి తిరుగుతున్నంతసేపూ లోపల ఒకటే మాట తిరిగింది. పోస్తే ఏమవుతుందో నీకు తెలుసుగా. చప్పుడు లేని ఇల్లు తెలుసుగా. పొయ్యకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. అట్టపెట్టె అటకెక్కుతుంది. దాని మీద పేరు రాసే ఉంది.

నీళ్ళు మరిగాయి. కాస్త నీళ్ళు పక్కకి తీసి, పొడి వేసి, నురుగు అంచుదాకా పొంగగానే దించింది. తీసిపెట్టిన నీళ్ళు మీద పోసి, చెంచాతో నురుగు తీసి కప్పుల్లో వేసింది. రెండే కప్పులు. ఒకటి జెనానా ముందు, ఒకటి ఫాదిల్ ముందు పెట్టింది. బల్ల మీద చక్కెర గిన్నె తీసి అల్మారాలో పెట్టి తలుపు వేసింది.

అలెంకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

జెనానా రెండు గుక్కలు తాగి మూతి ముడిచి కప్పు పక్కన పెట్టింది. జెనిత్సాలో ఫ్లాట్లలో పెరిగిన పిల్ల, ఆమెకి మిషను కాఫీయే కాఫీ. ఫాదిల్ ఫోన్ మీద నుంచి చూపు తిప్పకుండానే తాగాడు. "నీ చేతి కాఫీ జర్మనీ వాళ్ళకి పోస్తే వాళ్ళు ఇక ఇంటికే పోరత్తా" అన్నాడు. తాగుతూనే ఎడమచెయ్యి చాచాడు. ఆ చెయ్యి బల్ల మీద కాసేపు తడుముకుంది. రొట్టె బుట్ట తగిలింది, ఉప్పు సీసా తగిలింది.

"చక్కెరేదత్తా?"

"దీనికి చక్కెర ఉండదు."

చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఫాదిల్ ఫోన్ కింద పెట్టాడు. తలుపు వైపు చూశాడు. చిన్నప్పుడు తను దాక్కుని నవ్విన తలుపు అదే. అతని మొహం మెడదాకా ఎర్రబడింది. కప్పులోకి చూశాడు. అడుగున మడ్డి తప్ప ఏమీ లేదు.

"ఇది మూడోదా?" అన్నాడు చిన్నగా.

"తాగేశావుగా నాయనా" అంది జుమ్రేత.

"ఏమైంది? ఏం మూడోది?" అంది జెనానా.

"ఏం లేదు" అన్నాడు ఫాదిల్. కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు. "కాఫీ అయిపోయింది. బయల్దేరాలి."

జెనానా బస్సు గురించి అనుకుని అలెంకా సంచి అందుకుంది.

ట్రామ్ దాకా జుమ్రేత ఒక్కతే సాగనంపింది. ట్రామ్ వంతెన దగ్గర మలుపు తిరిగి వస్తుంటే, "నేను రాకుండా ఉండాల్సింది" అంది అలెంకా.

"మీరు రాకపోతే నా కాఫీ కథ ఎవరు వినేవాళ్ళు?" అంది జుమ్రేత. ఆవిడ చేతిలో చిన్న పొట్లం పెట్టింది. అందులో నాలుగు చక్కెర ముక్కలున్నాయి. "మూల ముంచి కొరకాలి. గుర్తుంది కదా?"

*

జుమ్రేత వాళ్ళని ఉండమనే చెప్పింది. ఆ సాయంత్రమే చెప్పింది. "ఇంట్లో ఉండండి. ఎన్నాళ్ళైనా ఉండండి. గది మాత్రం నాది" అంది.

అప్పటికి ఫాదిల్ భార్యకి కాఫీ సంగతి చెప్పేశాడు. జెనానా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నేనేం నా కోసం చేశానా అత్తయ్యా? ఈ ఇంటి కోసమే కదా. నోరు తెరిచి వద్దంటే మానేసేదాన్ని. ఒక్కసారైనా అన్నారా?" అంది. నిజమే, ఒక్కసారి కూడా అనలేదు.

"ఉండరా" అంది జుమ్రేత ఫాదిల్‌తో.

"తాగేశాను కదత్తా" అన్నాడు వాడు తలెత్తకుండా. వాళ్ళ వంశంలో పంతం ఎవరికీ తక్కువ పోయలేదు దేవుడు.

జెనానా జర్మనీ వాళ్ళకి గది లేదని రాసేసింది. మంగళవారం ఇద్దరూ, ఇప్పుడు ఊరి చివర ఇలిజాలో ఉంటున్న జెనానా తల్లి దగ్గరికి వెళ్ళిపోయారు. రెండు సూట్‌కేసులు, ఒక కాఫీ మిషను. తాళంచెవులు చెప్పుల బల్ల మీద పెట్టారు. జుమ్రేత తన పరుపు తనే పైకి లాక్కుంది. మెట్టుకొకసారి ఆగుతూ లాక్కుంటే అరగంట పట్టింది. అట్టపెట్టె విప్పి అన్నీ యథాస్థానంలో పెట్టింది. కిటికీ తెరిచింది. ఊరు అక్కడే ఉంది.

బుధవారం పొద్దున అలవాటు కొద్దీ మూడు కప్పుల నీళ్ళు పెట్టింది. ఒక కప్పు తాగి మిగతాది పారబోసింది. గడియారం పని మళ్ళీ మొదలైంది. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా అడిగేవాళ్ళు లేరు. గురువారం ఉప్పు వెయ్యడమే మర్చిపోయింది, సగం తిన్నాక గానీ తెలియలేదు. శుక్రవారం ఏమీ తోచక కొండ దిగింది. హమీద్ కొట్టు దాటుతూ, "ఇదిగో, ఇక్కడ హమీద్ వాళ్ళ అన్న..." అంటున్న తన గొంతు తనకే వినిపించింది. పక్కన ఎవరూ లేరు. చెప్పులు కుట్టే హమీద్ తలెత్తి, "నాతోనా జుమ్రేతా?" అన్నాడు. "నీతో కాదులే" అని గబగబా నడిచింది. నది ఒడ్డుకొచ్చాక పంతం ఇంటి వైపు చూడకుండా వంతెన దాటింది.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం గేటు చప్పుడైంది. గడియ ఎలా తియ్యాలో తెలిసినవాడెవరూ గేటు కొట్టరు. ఎవరో పరాయివాళ్ళనుకుని జుమ్రేత తలగుడ్డ సర్దుకుని వెళ్ళింది. బయట ఫాదిల్. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని, చేతిలో అరకిలో కాఫీపొడి పొట్లంతో నిలబడి ఉన్నాడు. ఎవరింటికైనా చుట్టపుచూపుగా వెళ్ళేవాళ్ళు తీసుకెళ్ళినట్టే.

"ఇంట్లో ఉన్నావో లేవో అనుకున్నానత్తా."

"ఎక్కడికి పోతాను? లోపలికి రా."

చెప్పులు విప్పి వరసగా పెట్టాడు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా అలా పెట్టలేదు. పొట్లం అరమీద పెట్టి, బల్ల దగ్గర తన పాత కుర్చీలో కాకుండా అతిథులు కూర్చునే దివాను మీద కూర్చున్నాడు. జుమ్రేత కాఫీ పెట్టింది. చక్కెర గిన్నె బల్ల మధ్యలో పెట్టింది. మొదటి కప్పు ఇద్దరూ తాగారు.

రెండోది పోశాక వాడు నోరు విప్పాడు. మూడో నంబరు ట్రామ్ బ్రేకులు కీచుమంటున్నాయన్నాడు. జెనానా తల్లి పొద్దస్తమానం టీవీ పెడుతుందన్నాడు. జెనానా ఎలా ఉందని అడిగితే, "కోపంగా ఉంది. కానీ నీ పిత చెయ్యడం ఎలాగో కనుక్కు రమ్మంది" అన్నాడు. జుమ్రేత పిండి ఎంతసేపు నాననివ్వాలో చెప్పింది. వాడు ఫోన్లో రాసుకున్నాడు. అలెంకా నుంచి కార్డు వచ్చిందని ఆమె చూపించింది. చక్కెర మూల ముంచే తాగుతోందట. వాడు కార్డు రెండువైపులా చదివి తిరిగిచ్చాడు.

ఫోన్ మోగింది. జెనానా. ఎక్కడున్నావని అడిగినట్టుంది.

"అత్త వాళ్ళింట్లో" అన్నాడు ఫాదిల్.

జుమ్రేత మొహం తిప్పుకుని పొయ్యి తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

వాడు ఫోన్ పెట్టేశాడు. కప్పు అడుగున మడ్డి చూసుకున్నాడు. ఆమె చేతుల వైపు చూశాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, లేవడానికి సిద్ధంగా ముందుకు జరిగి కూర్చున్నాడు.

"మూడోది పోస్తావా అత్తా?"

"పొడి అయిపోయింది" అంది జుమ్రేత.

ఫాదిల్ అరమీదకి చూశాడు. వాడు తెచ్చిన అరకిలో పొట్లం కట్టు విప్పకుండా అక్కడే ఉంది. కాసేపు దాన్నే చూసి, వెనక్కి జరిగి గోడకి చేరగిలబడ్డాడు.

"అయితే వచ్చే ఆదివారం తెస్తాలే" అన్నాడు.